ఐడిలింగ్‌లో నిలవని పిల్లల ఏటీవీ: 110 సీసీ బండిని విప్పి బాగుచేసిన వైనం

సెల్ఫ్ నొక్కగానే ఇంజన్ అందుకుంటుంది. బొటనవేలితో రేజ్ పట్టుకున్నంతసేపు మిస్సింగ్ లేకుండా తిరుగుతుంది. వేలు తీశామా, శబ్దం మెల్లగా కిందికి దిగి, ఒకటి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. నా చేతికి వచ్చిన బండి జబ్బు ఇదీ. చైనాలో తయారైన 110 సీసీ పిల్లల ఏటీవీ (లావు చక్రాలు నాలుగున్న చిన్న బండి), ముందుకీ వెనక్కీ ఒక్కో గేరు, నడుమ న్యూట్రల్, క్లచ్ లివర్ లేదు. వానాకాలమంతా తోటలో పట్టా కింద పడి ఉంది. ట్యాంకులో అప్పటి పెట్రోలే ఉంది.

ఇలాంటి బండికి ఎక్కువమంది చేసే వైద్యం ఒక్కటే: కార్బరేటర్ పక్కనున్న ఐడిల్ స్క్రూను బిగించి స్లో స్పీడ్ పెంచేయడం. ఇంజన్ ఆగడం మానేస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. పెద్దవాళ్ల మోటార్‌సైకిల్‌కు ఈ చిట్కా మహా అయితే పెట్రోలు దండగ. పిల్లల ఏటీవీకి మాత్రం ప్రమాదం. ఇందులో ఉండేది సెంట్రిఫ్యూగల్ క్లచ్. ఇంజన్ వేగం ఒక హద్దు దాటగానే దానంతట అదే పట్టుకుంటుంది. ఐడిలింగ్ 1400 నుంచి 1600 ఆర్‌పీఎం మధ్య ఉండాల్సిన ఇంజన్‌ను 2000 దాటించి పెడితే, పిల్లాడు రేజ్ ఇవ్వకపోయినా గేరు వేయగానే బండి కదులుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లకు బ్రేక్ పట్టి ఉంచాలని తోచేలోపు గోడ దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే స్లోలో ఎందుకు నిలవడం లేదో తెలిసేదాకా ఆ స్క్రూ జోలికి వెళ్లకూడదు. ఎవరైనా ముందే తిప్పి ఉంటే వెనక్కి తెచ్చి, జబ్బును బయటపడనివ్వాలి.

ఈ ఇంజన్ మన మెకానిక్‌లకు కొత్తదేమీ కాదు. హోండా కబ్ అచ్చు మీద చైనావాళ్లు పోసుకున్న పడుకోబెట్టిన ఇంజన్. బోర్ 52.4 మి.మీ., స్ట్రోక్ 49.5 మి.మీ., లెక్క వేస్తే 107 సీసీ. మన సీడీ 100, స్ప్లెండర్‌ల 97.2 సీసీ ఇంజన్‌లోనూ స్ట్రోక్ అదే 49.5. స్ప్లెండర్ విప్పిన చేతికి దీన్లో వెతుక్కోవాల్సింది పెద్దగా ఉండదు. కార్బరేటర్ ఎక్కువగా పీజెడ్19, అంటే 19 మి.మీ. నోరున్నది. ప్లగ్గు ఏ7టీసీ, దానికి సరిసమానం ఎన్‌జీకే సీ7హెచ్‌ఎస్‌ఏ: 10 మి.మీ. మర, 12.7 మి.మీ. మర పొడవు, 16 మి.మీ. ప్లగ్ పానా.

రేజ్‌లో బాగుండి స్లోలో మాత్రమే చావడానికి ఒక కారణం ఉంది. వేలు తీసినప్పుడు కార్బరేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ దాదాపు మూసుకుపోతుంది. రేజ్‌లో పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్టు (జెట్టు అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న బెజ్జమున్న ఇత్తడి ముక్క), నీడిల్ రెండూ పక్కకు తప్పుకుంటాయి. అప్పుడు ఇంజన్‌కు అందే పెట్రోలంతా స్లో జెట్టు నుంచే రావాలి. ఈ సైజు కార్బరేటర్లలో దాని బెజ్జం సుమారు 0.35 మి.మీ. ఆ బెజ్జంలో జిగురు పొర పేరుకుంటే చాలు, పెట్రోలు సగానికి పడిపోతుంది. అదే మెయిన్ జెట్టు బెజ్జం దానికి రెండింతలకు పైనే, కాబట్టి అంత మురికి దానికి లెక్కలోకి రాదు. గాలి లీకు సంగతీ అంతే. రేజ్‌లో ఇంజన్ లాగే గాలితో పోలిస్తే కార్బరేటర్ అతుకులోని ఓ-రింగు (గుండ్రని రబ్బరు రింగు) పక్కనుంచి దూరే గాలి ఏమంత కాదు. స్లోలో మాత్రం మొత్తం గాలిలో అదే పెద్ద వాటా. వాల్వు కొద్దిగా కారుతున్నా నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లోనే తెలుస్తుంది, కారిపోవడానికి అక్కడ ఎక్కువ వ్యవధి దొరుకుతుంది కాబట్టి. స్లో జెట్టు, గాలి లీకు, టాపెట్లు (వాల్వుల సందు సెట్టింగు). నూటికి తొంభై బళ్లు ఈ మూడింట్లోనే దొరికిపోతాయని నా లెక్క. ఈ బండిలో మూడూ ఉన్నాయి. ఒకటి తీస్తే దాని కిందున్నది బయటపడుతూ వచ్చింది.

పానా పట్టుకునే ముందు ఆగే తీరు వినాలి. స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. శబ్దం సన్నగిల్లుతూ ఆగితే పెట్రోలు, గాలి. స్టార్టయ్యాక ఐదారు నిమిషాలు బాగా నడిచి, తర్వాత రేజ్‌లో కూడా నీరసపడి ఆగితే ట్యాంకు మూత చూడాలి. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే లోపల ఖాళీ ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి లాగితే దొంగ అక్కడే దొరికినట్టు. న్యూట్రల్‌లో బాగుండి గేరు వేయగానే ఆగితే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. ముందు ఇంజనాయిల్ చూడాలి. క్లచ్ ఆ ఆయిల్లోనే తిరుగుతుంది. ఆయిల్ పాతబడి చిక్కబడినా, కారుకు పోసేది పోసినా మొరాయిస్తుంది. మోటార్‌సైకిల్ ఆయిలే, జాసో ఎంఏ (ఆయిల్లో తిరిగే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) అని రాసి ఉన్నది, సుమారు 800 మి.లీ. పోసి డిప్‌స్టిక్ గీత చూసుకోవాలి.

తర్వాతి పరీక్ష చోక్. ఇంజన్ వేడెక్కాక, ఆగబోతున్న క్షణంలో చోక్ సగం వేయాలి. కోలుకుని నిలబడితే పెట్రోలు తక్కువ అందుతోంది లేదా ఎక్కడో గాలి ఎక్కువ దూరుతోంది. ఇంకా త్వరగా ఆగితే పెట్రోలు ఎక్కువవుతోంది: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఫ్లోట్ (కార్బరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలుడు ముక్క) లెవెల్ పెరగడం, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం. ఈ ఒక్క పరీక్ష సగం పని తగ్గిస్తుంది. ఈ బండి సగం చోక్‌లో చక్కగా నిలబడింది. ప్లగ్గు విప్పితే మొన తెల్లగా ఉంది, అదే మాటకు రెండో సాక్ష్యం. తగినంత పెట్రోలు కాలితే మొన లేత కాఫీ రంగులో ఉంటుంది, ఎక్కువైతే మసిపట్టి నల్లగా ఉంటుంది. ప్లగ్గు విప్పాక సందు కూడా 0.6 నుంచి 0.7 మి.మీ.కి సరిచేసి పెట్టుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. వెనక చక్రాలు నేలను తాకకుండా చట్రం కింద స్టాండో, గట్టి చెక్క దిమ్మలో పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు, తాళం చెవి జేబులో ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. పెట్రోలు పట్టడానికి మూత ఉన్న డబ్బా పెట్టుకోవాలి. వాటర్ బాటిల్లో పెట్రోలు పోసి పక్కన పెట్టే అలవాటు పిల్లలున్న చోట అసలు పనికిరాదు.

పెట్రోల్ కాక్ కట్టి, కార్బరేటర్ వైపు పైపు తీసి, డబ్బాలో పెట్టి మళ్లీ కాక్ తిప్పితే ధార ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే కాక్ లోపలి జల్లెడ, మధ్యలోని ప్లాస్టిక్ ఫిల్టర్ చూడాలి. ఇక్కడ ధార బాగానే ఉంది, పెట్రోలు మాత్రం చెడింది. రంగు ముదిరి, వార్నిష్ వాసన కొడుతోంది. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఈ20, ఐదో వంతు ఇథనాల్. 2023లో మొదలై దేశమంతా పాకింది. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. నీళ్లు మితిమీరితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. రోజూ తిరిగే బండికి దీంతో ఇబ్బంది ఉండదు, ట్యాంకు ఖాళీ అయి కొత్తది పడుతూనే ఉంటుంది. నెలకోసారి తీసే పిల్లల బండిలో అది ఫ్లోట్ గిన్నె అడుగున నిలిచి అల్యూమినియం, జింకు కలిసిన ఒంటిని తినేస్తుంది. గిన్నె విప్పితే కనిపించే తెల్లని పొడి అదే. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయకుండా కార్బరేటర్ కడగడం వృథా.

కార్బరేటర్ తీసే క్రమం ఇది. గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ తిప్పి మిగిలిన పెట్రోలు దింపాలి. పైనున్న గుండ్రని మూతను చేత్తో తిప్పితే స్లైడ్, నీడిల్ రెండూ కేబుల్‌తో సహా బయటకు వస్తాయి. వాటిని ఊడదీయనక్కర్లేదు, శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కకు వేలాడదీయాలి. స్లైడ్ పక్కన ఉన్న గాడి ఎటు తిరిగి ఉందో చూసి పెట్టుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు ఆ గాడి లోపలి పిన్నులో కూర్చోకపోతే రేజ్ ఇరుక్కుంటుంది. ఎయిర్ ఫిల్టర్ క్లిప్పు వదులు చేసి, మానిఫోల్డ్‌కు (కార్బరేటర్ నుంచి ఇంజన్‌కు పోయే గొట్టం) పట్టుకున్న 6 మి.మీ. బోల్టులు రెంటినీ 10 నంబరు పానాతో విప్పితే కార్బరేటర్ చేతికి వస్తుంది.

గిన్నె స్క్రూల తలలు మెత్తని లోహం. సరిపోని స్టార్ డ్రైవర్ పెడితే ఒక్క తిప్పుకే అరిగిపోతాయి. బిట్ గట్టిగా నొక్కి పట్టి, రాకపోతే డ్రైవర్ వెనక సుత్తితో మెల్లగా తట్టి తిప్పాలి. లోపల ఫ్లోట్ పిన్నును పక్కకు తోసి తీస్తే ఫ్లోట్, దానికి వేలాడే నీడిల్ వాల్వు వస్తాయి. నీడిల్ రబ్బరు మొన చుట్టూ గాడి పడి ఉంటే మార్చాలి, లేకపోతే పెట్రోలు పొంగుతుంది. మధ్యలో ఎత్తుగా ఉండేది మెయిన్ జెట్టు. దాని పక్కన లోతైన బావిలో ఉండేదే స్లో జెట్టు. సన్నని, మొన సమంగా ఉన్న మైనస్ డ్రైవర్ కావాలి. ఇత్తడి జెట్టు తల విరిగితే దాన్ని బయటకు తీయడం నరకం. కొన్ని చిన్న కార్బరేటర్లలో స్లో జెట్టుకు మరే ఉండదు, అదిమి కూర్చోబెట్టి ఉంటుంది. అలాంటిదాన్ని లాగకుండా అక్కడే శుభ్రం చేయాలి.

విప్పిన జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. మెయిన్ జెట్టులో గుండ్రని వెలుగు కనిపించింది. స్లో జెట్టులో ఏమీ లేదు, చీకటి.

జెట్టును సూదితో పొడవకూడదు. గుండుసూది, ఇనుప తీగ లాంటివి ఇత్తడిని గీకి బెజ్జం పెద్దది చేస్తాయి. ఆ తర్వాత ఎంత సెట్ చేసినా పెట్రోలు ఎక్కువే వస్తుంది. కార్బ్ క్లీనర్‌లో కాసేపు నానబెట్టి, మెత్తని రాగి పోగుతో దారి చేయాలి. ఇంట్లో కరెంటు పనికి వాడే ఒక చదరపు మి.మీ. వైరులో 0.3 మి.మీ. పోగులు 14 ఉంటాయి. 0.35 బెజ్జానికి ఆ పోగు అతికినట్టు సరిపోతుంది. ముందుకీ వెనక్కీ ఆడించి, మళ్లీ క్లీనర్ కొట్టి, గాలి పట్టాలి. వెలుతురులో చూస్తే అంచులు నున్నగా, గుండ్రంగా కనిపించాలి. జెట్టు ఒంటి మీద అడ్డంగా ఉండే సన్న రంధ్రాలు కూడా తెరుచుకోవాలి. చాలామంది మధ్య బెజ్జం చూసి ఇవి మర్చిపోతారు.

జెట్టు శుభ్రమైనంత మాత్రాన దారి శుభ్రమైనట్టు కాదు. ఎయిర్ స్క్రూను (స్లోలో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే చిన్న స్క్రూ) ముందు లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు తేలిగ్గా ఆగిందో లెక్క రాసుకోవాలి. అప్పుడు పూర్తిగా బయటకు తీయాలి. దానితో పాటు చిన్న స్ప్రింగు, వాషరు, ఆవగింజంత ఓ-రింగు వస్తాయి, లేదా లోపలే అతుక్కుని ఉంటాయి. క్లీనర్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది, కాబట్టి సన్న కొక్కెంతో దాన్ని తీశాకే స్ప్రే. తర్వాత స్లో జెట్టు బావిలోకి స్ప్రే గొట్టం పెట్టి కొడితే మూడు చోట్ల నుంచి చిమ్మాలి: ఎయిర్ స్క్రూ రంధ్రం, స్లైడ్ కిందున్న సన్న రంధ్రం, దానికి కాస్త ఇంజన్ వైపున్న ఇంకో రంధ్రం. స్లైడ్ కింది రంధ్రం మూసుకుని ఉంటే బండి స్లోలో నిలిచినా రేజ్ ఇవ్వడం మొదలుపెట్టగానే తడబడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఎటునుంచి చిమ్ముతుందో చెప్పలేం.

ఫ్లోట్ ఎత్తు చూడటానికి కార్బరేటర్‌ను పక్కకు వాల్చి పట్టుకోవాలి. ఫ్లోట్ నాలుక నీడిల్ పిన్నును తాకీ తాకనట్టు ఉన్నప్పుడు, ఫ్లోట్ అతుకు గీత కార్బరేటర్ కింది అంచుకు సమాంతరంగా ఉంటే సాధారణంగా సరిపోతుంది. స్ప్రింగు నొక్కుకునేలా కిందికి వదిలి చూస్తే లెక్క తప్పుతుంది.

కొత్త కార్బరేటర్ కొనేస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. నేనైతే పాతదాన్నే ముందు కడుగుతాను. ఆన్‌లైన్‌లో పీజెడ్19 పేరుతో వచ్చేవాటిలో ఏ జెట్లు వేశారో పెట్టె మీద ఉండదు. పాతది ఈ ఇంజన్‌కు ఒకప్పుడు బాగా నడిచిందన్న సంగతి మాత్రం ఖాయం. ఒళ్లు తెల్లగా తినేసి గుంటలు పడితేనో, స్లైడ్ అరిగి లొడలొడలాడుతుంటేనో కొత్తది.

అన్నీ బిగించి, ఎయిర్ స్క్రూను మెత్తగా అడుగుకు దింపి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, బండి స్టార్ట్ చేస్తే చోక్ లేకుండా నిలబడింది. నిలబడింది గానీ స్థిరంగా లేదు. శబ్దం పెరగడం, తగ్గడం, మళ్లీ పెరగడం. అప్పుడప్పుడు తగ్గి ఆగిపోవడం. ఇది గాలి లీకు వాటం.

గాలి లీకు పట్టడానికి కార్బ్ క్లీనరో, డబ్ల్యూడీ-40నో మానిఫోల్డ్ మీద కొట్టి వేగం మారుతుందేమో చూడమంటారు. పని చేస్తుంది. కానీ ఈ పడుకోబెట్టిన ఇంజన్‌లో కార్బరేటర్ పైన, సైలెన్సర్ గొట్టం సరిగ్గా కింద. కారిన చుక్క వేడి గొట్టం మీద పడితే మంట. నేను మొక్కలకు కొట్టే స్ప్రే సీసాలో నీళ్లు పోసి, సన్నని తుంపరగా ఒక్కో అతుకు మీద కొడతాను. లీకు దగ్గర నీటి పొర ఆ సందును క్షణంపాటు మూస్తుంది, ఇంజన్ శబ్దం చటుక్కున మారుతుంది. ఇక్కడ కార్బరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే నల్లని బేకలైట్ దిమ్మ దగ్గర మారింది.

విప్పి చూస్తే కారణాలు రెండు. ఓ-రింగు చదునై, గోరు గుచ్చితే దిగనంత గట్టిపడింది. దానికి మించి, కార్బరేటర్ ఫ్లాంజే వంగి ఉంది. ఎవరో లీకును ఆపాలని ఆ రెండు బోల్టుల్నీ బలంకొద్దీ బిగించారు. బోల్టుల చెవులు ముందుకు వంగి మధ్యలో సందు మిగిలింది. ఎంత బిగిస్తే అంత ఎక్కువ లీకవుతుంది. దీనికి మందు గాజుపలక. పలక మీద 400 నంబరు నీటి ఎమెరీ పరిచి, నీళ్లు చల్లి, ఫ్లాంజ్‌ను ఎనిమిది అంకె గీసినట్టు మెల్లగా రుద్దాలి. ముఖమంతా ఒకే తీరున మెరిసేదాకా రుద్ది ఆపాలి. ఓ-రింగు గాడి లోతు తగ్గిపోయేంత రుద్దకూడదు. ఆ పొడి లోపలికి పోకుండా ముందే నోట్లో గుడ్డ కుక్కి, అయ్యాక మళ్లీ కడగాలి. కొత్త ఓ-రింగు పెట్రోలుకు తట్టుకునే రకం కావాలి. నీళ్ల పంపులకు వాడే మామూలు రబ్బరు రింగు పెట్రోలుకు ఉబ్బి గాడిలోంచి బయటికి వస్తుంది. ఎర్ర సిలికాన్ పేస్టు పూయడం అసలు వద్దు. పెట్రోలుకు అది ఉబ్బి, ఊడి ముక్కలు ముక్కలుగా ఇంజన్‌లోకి పోతుంది. బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, చిన్న పానాతో, చేతి మణికట్టు బలంతో బిగిస్తే చాలు.

దీంతో ఎగుడుదిగుడు పోయింది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా టిక్‌టిక్‌మంటోంది. పావుగంట నడిచి ఇంజన్ బాగా వేడెక్కాక మాత్రం మళ్లీ ఆగుతోంది, వెంటనే సెల్ఫ్ కొడితే అందుకోవడానికి సతాయిస్తోంది. చల్లారితే మళ్లీ మామూలే. చల్లగా బాగుండి వేడికి చెడితే టాపెట్లు చూడాలి. ఈ ఇంజన్లలో వాడుతున్న కొద్దీ వాల్వులు సీటులోకి దిగుతాయి, దాంతో టాపెట్ సందు పెరగడానికి బదులు తగ్గుతుంది. శబ్దం చేసే టాపెట్‌ను అందరూ పట్టించుకుంటారు. బిగుసుకున్న టాపెట్ నిశ్శబ్దంగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. వేడికి వాల్వు కాడ సాగినప్పుడు ఆ కాస్త సందూ పోయి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది.

సెట్టింగు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చేయాలి, రాత్రంతా వదిలేసి పొద్దున్నే చేయడం మేలు. రెండు వాల్వులకూ సందు 0.05 మి.మీ. ఇంజన్ తల మీద పైన ఒకటి, కింద ఒకటి గుండ్రని మూతలు ఉంటాయి, 17 నంబరు పానా. పైది ఇన్‌లెట్, కిందిది ఎగ్జాస్ట్. ప్లగ్గు తీసేస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ఎడమవైపు మాగ్నెట్ కవర్ మీది మూతలు తీసి, మధ్య నట్టును పానాతో అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిప్పాలి. కొన్ని బళ్లలో ఆ మూతలు ఉండవు, కవరే విప్పాలి. ఇన్‌లెట్ రాకర్ (వాల్వును నొక్కే చేయి) వాల్వును నొక్కి వదిలేదాకా చూసి, ఆ తర్వాత మాగ్నెట్ మీద వచ్చే టీ గుర్తును కవర్ మీది గీతకు కలిపితే అది కంప్రెషన్ పై చివర. రాకర్లు ఆడుతున్నాయా లేదా అన్నది మాత్రమే చూసి నమ్మకూడదు. టాపెట్ బిగుసుకున్న ఇంజన్‌లో సరైన చోట కూడా అవి ఆడవు.

ఈ బండిలో ఎగ్జాస్ట్ దగ్గర ఫీలర్ గేజి (సందు కొలిచే రేకుల కట్ట)లోని అన్నింటికన్నా పలచని రేకు కూడా దూరలేదు. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను వెనక్కి తిప్పి, 0.05 రేకు పెట్టి, వేలికి కొద్దిగా పట్టు తగులుతూ జారేలా సెట్ చేయాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, సందు మారిపోతుంది. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడకపోతే చేసిన పనికి అర్థం లేదు. ఇంజన్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ టీ గుర్తుకు తెచ్చి ఇంకోసారి చూశాకే మూతలు.

టాపెట్లు సరిచేశాక కూడా వేడికి ఆగితే కంప్రెషన్ గేజి పెట్టాలి. చోక్ తీసి, రేజ్ పూర్తిగా పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. రేజ్ మూసి కొలిస్తే మంచి ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది. 150 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటే నిశ్చింత. 100 కిందికి వస్తే వాల్వులో, రింగులో అరిగినట్టు. తల విప్పాల్సిందే, కార్బరేటర్‌తో ఇక పని లేదు.

ఇప్పుడు ట్యూనింగ్. మూడూ సరయ్యాకే దీనికి విలువ. ఇంజన్ వేడెక్కాక ఐడిల్ స్క్రూతో వేగం మామూలు కన్నా కాస్త ఎక్కువ పెట్టాలి. ఎయిర్ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున ఒకవైపు తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి వినాలి. శబ్దం పడిపోయే చోట ఆపి, రెండోవైపు తిప్పుతూ మళ్లీ పడిపోయే చోటు వెతకాలి. ఆ రెంటి మధ్య వేగం గరిష్ఠంగా ఉన్న చోటే దాని స్థానం. తర్వాత ఐడిల్ స్క్రూతో 1500కి దింపాలి. ప్లగ్గు వైరు మీద చుట్టే చవక టాకోమీటర్ ఒకటి ఉంటే అంచనాల బాధ ఉండదు.

స్క్రూ ఎక్కడుందో చూసుకోవాలి. స్లైడ్‌కు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే అదుపు చేసేది పెట్రోలు మిశ్రమాన్ని, లోపలికి తిప్పితే తగ్గుతుంది. పూర్తిగా తలకిందులు వ్యవహారం. గాలి స్క్రూ అర చుట్టుకే బాగుందంటే స్లో జెట్టు ఇంకా మూసుకుని ఉంది లేదా చిన్నది. మూడు చుట్లు దాటినా ఇంకా అడుగుతోందంటే పెట్రోలు ఎక్కువవుతోంది, ఫ్లోట్ ఎత్తు మళ్లీ చూడాలి. అమెరికాలో ఉంటూ పిల్లలకు ఇలాంటి బండి కొన్న మనవాళ్లకు ఈ స్క్రూ కనిపించకపోవచ్చు. అక్కడి పొగ నియమాల కోసం దాని మీద ఇత్తడి బిళ్ల కొట్టి మూసేస్తారు. దాన్ని పెకలించాలని తొందరపడక్కర్లేదు, జెట్టు కడిగి లీకులు ఆపితే చాలాసార్లు ఫ్యాక్టరీ సెట్టింగే సరిపోతుంది.

ఠక్కున ఆగే బళ్ల గురించి రెండు ముక్కలు. పిల్లల ఏటీవీలో ఇంజన్‌ను ఆపే తీగలు పెద్ద బండి కన్నా ఎక్కువ: హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్, వెనక వేలాడే తాడు స్విచ్, పెద్దల చేతిలోని రిమోట్ పెట్టె. ఏ ఒక్కదానిలో చెమ్మ చేరినా ఇంజన్ ఆగుతుంది. సీడీఐ (ప్లగ్గుకు నిప్పు పంపే పెట్టె) దగ్గర ఆపే తీగను, సాధారణంగా నలుపు మీద తెల్ల గీత ఉన్నది, పరీక్ష కోసం విడదీసి నడిపితే తేలిపోతుంది. చూశాక తప్పకుండా తిరిగి కలపాలి. ఆపే స్విచ్ లేని బండి మీద పిల్లను ఎక్కించడానికి వీల్లేదు. స్విచ్‌లన్నీ బాగుండీ స్లోలోనే నిప్పు బలహీనంగా ఉంటే నిప్పు ఎప్పుడు పడాలో సీడీఐకి చెప్పే పికప్ కాయిల్ చూడాలి. మీటరుతో కొలిస్తే ఎక్కువ బళ్లలో 100 నుంచి 200 ఓమ్‌ల మధ్య ఉంటుంది.

రెండు స్ట్రోకుల 49 సీసీ బుల్లి బండ్ల లెక్క వేరు. చాలావాటి కార్బరేటర్లో స్లో జెట్టే ఉండదు. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. 2టీ ఆయిల్ కలిపారా, రీడ్ రేకులు (కార్బరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఒకవైపే తెరుచుకునే పలచని రేకులు) పూర్తిగా మూసుకుంటున్నాయా, కార్బరేటర్ వెనక ప్యాకింగ్ చిరిగిందా, ఈ మూడూ చూస్తే సరి.

చివరి పరీక్ష చక్రాలు గాల్లో ఉండగానే. ఇంజన్ స్లోలో పెట్టి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. శబ్దం పెరిగితే రేజ్ కేబుల్ బిగువుగా ఉందనీ, ఎక్కడో ఇరుక్కుంటోందనీ అర్థం. లివర్ దగ్గర 2 నుంచి 4 మి.మీ. ఆట వదలాలి. తర్వాత బ్రేక్ పట్టి గేరు వేసి, చక్రాలకు దూరంగా నిలబడి బ్రేక్ వదలాలి. ఆయిల్ పట్టువల్ల చక్రం సోమరిగా కదిలితే ఫర్వాలేదు. బ్రేక్ తాకించగానే ఆగాలి, ఇంజన్ శబ్దం తగ్గకూడదు. బలంగా లాగుతుంటే ఐడిలింగ్ ఇంకా తగ్గించాలి. రేజ్ లివర్ డబ్బా మీద వేగాన్ని కట్టడి చేసే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. కేబుల్ పనిలో దాన్ని కదిపి ఉంటే నడిపే పిల్ల వయసుకు తగ్గట్టు మళ్లీ బిగించి లాక్ నట్టు వేయాలి.

బండిని మళ్లీ మూల పెట్టేటప్పుడు కాక్ కట్టి, దానంతట అది ఆగేదాకా నడిపి, గిన్నె డ్రెయిన్ స్క్రూతో మిగిలిన చుక్కలు కూడా దింపేయాలి. టాపెట్లను మాత్రం ఓ పది గంటలు నడిచాక ఇంకోసారి గేజి పెట్టి చూడండి. ఒకసారి సీటులోకి దిగిన వాల్వు మళ్లీ దిగుతూనే ఉంటే తల విప్పి సీటు కోయించాల్సి వస్తుంది.